అండీ తెలుగు, అప్పా తెలుగు

తెలుగు తియ్యని భాష అని నిరూపించాల్సి వచ్చినప్పుడల్లా మనవాళ్ళు రెండు సర్టిఫికెట్లు బయటికి తీస్తారు. ఒకటి శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాసిచ్చింది: దేశభాషలందు తెలుగు లెస్స అని. రెండోది తెల్లదొరలు రాసిచ్చింది: తూర్పుదేశపు ఇటాలియన్ అని. సభల్లో, పాఠ్యపుస్తకాల్లో, అమెరికా తెలుగు సంఘాల సావనీర్లలో ఈ రెండూ పక్కపక్కనే అచ్చవుతుంటాయి, ఇద్దరూ ఒకే మాట అన్నట్టు. విప్పి చదివితే ఇద్దరూ అన్నది ఒకటి కాదు. అనంతపురంలో కూర్చుని చదివితే ఇంకో సంగతి కూడా తేలుతుంది: ఆ రెండింటిలో దేనికీ మా నోటి తెలుగు అక్కర్లేదు.

రాయల సంగతి ముందు చూద్దాం. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని లాంటిది, 1565 యుద్ధం తర్వాత అసలు రాజధానే అయింది. కాబట్టి ఆ కావ్యం మీద మాకూ కాస్త హక్కుందని ఈ వైపు వాళ్ళం అనుకుంటాం. కళింగ దండయాత్రలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలోకి వచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడని పీఠికలో కథ. తెలుగే ఎందుకన్న ప్రశ్నకు దేవుడే జవాబిస్తాడు. ఇది తెలుగుదేశం, నేను తెలుగువాళ్ళ దొరను, నీ కొలువుకు నానాదేశాల రాజులు వస్తారు, వాళ్ళందరితో మాట్లాడేవాడివి, ఏ భాష మేలో నీకే తెలుసు. జవాబు సారాంశం ఇంతే. ఇందులో చెవి ప్రస్తావన ఎక్కడా లేదు. దేశం ఉంది, దొరతనం ఉంది, కొలువు ఉంది. కన్నడ రాజ్య రమారమణుడన్న బిరుదున్న రాజు, తమిళ భక్తురాలు గోదాదేవి కథను తెలుగులో ఎందుకు రాయాలో చెప్పుకున్న రాజకీయ సమాధానం అది.

అంతకు ముందే 'క్రీడాభిరామం'లో ఇదే పొగడ్త వినిపిస్తుంది. అక్కడ వాసన వేరు. సంస్కృతం తల్లి, తెలుగు వయసులో ఉన్న ఆడబిడ్డ. మెచ్చుకోవాల్సింది ఎవరిని అని ఓరుగల్లు వీధుల రసికత అడుగుతుంది. రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రాయలది ఏలికల వాదం, క్రీడాభిరామానిది విలాసుల వాదం. అందం గురించి కొంచెమైనా మాట్లాడింది రెండోదే. మనం పండుగలకు వాడుకునేది మాత్రం మొదటిది.

ఇక్కడో తమాషా ఉంది. రాయల ఆ పద్యం ఆటవెలది. క్రీడాభిరామంలోదీ ఆటవెలదే. ఆముక్తమాల్యదలో మిగిలింది చాలామటుకు నోటికి లొంగదు. పెద్ద వృత్తాల్లో సమాసం మీద సమాసం పేర్చి, ఎవరూ వాడని దేశ్యపదం ఒకటి మధ్యలో ఇరికించి, అన్వయం కోసం పాఠకుణ్ణి నాలుగు పాదాలూ తిప్పుతాడాయన. పండితులు నారికేళపాకమని గౌరవంగా పేరు పెట్టి ఊరుకున్నారు. ద్రాక్షాపాకమని రాయలను ఎవరూ అనలేదు. అంటే తెలుగు గొప్పదని లోకమంతా వల్లించే పాదం, వినడానికి మహా కరుకైన కావ్యాల్లో ఒకదానిలో ఉంది. జనం నోట నిలిచింది ఆ పద్యమే అయిందంటే అందులో ఛందస్సు వాటా కూడా ఉంది. ఆ ఛందస్సులోనే తర్వాత వేమన ఊళ్ళు తిరిగాడు.

రెండో సర్టిఫికెట్ ఇంకా వింతది. నికొలో డి కాంటి అనే వెనిస్ వర్తకుడు 15వ శతాబ్దం మొదట్లో విజయనగరం చూశాడు. తెలుగు మాటలు ఇటాలియన్ మాటల్లా అచ్చులతో ముగుస్తాయని ఆయనే అన్నాడని బడిపిల్లలతో కూడా చెప్పిస్తాం. ఆయన చెప్పిన ప్రయాణాల కథను పోప్ కార్యదర్శి పోగ్గియో లాటిన్‌లో రాసిపెట్టాడు. నగరం చుట్టుకొలత, రాజు అంతఃపురం, సహగమనం, పండుగలు అందులో ఉన్నాయి. భాషల తీపి మీద ఆ వర్తకుడికి అంత ధ్యాస ఉన్నట్టు అనిపించదు. ఈ పోలికకు అసలు పుట్టిల్లు 19వ శతాబ్దపు మద్రాసని నా అనుమానం. 1812లో సెయింట్ జార్జి కోటలో కంపెనీ కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పే కాలేజీ పెట్టారు. అక్కడ తెలుగు దిద్దుకున్నవాళ్ళకు ఇటాలియన్ అంటే ఒపేరా భాష, పెద్దింటి పాట భాష. కొత్తగా విన్నదాన్ని అంతకు ముందు మెచ్చుకున్నదాని పక్కన పెట్టుకున్నారు. 1856లో కాల్డ్వెల్ అనే క్రైస్తవ మిషనరీ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ సాహిత్య ప్రాచీనతలో తమిళానికి, చెవికింపులో తెలుగుకు మొదటి పీట వేశాడు. ఆయన బతుకులో ఎక్కువ భాగం తిరునెల్వేలి తమిళుల మధ్య గడిచింది. రోజూ సంతలో, కోర్టులో, గుడిసెల్లో విన్న భాషకు పాతదనం; దూరం నుంచి విన్న భాషకు తియ్యదనం. పంపకం సులువుగానే జరిగింది.

అచ్చుతో ముగియడమే తీపి అనుకుంటే కన్నడం ఏం పాపం చేసింది? నీరు, ఊరు, మర, మనె, హూవు, అన్నీ అచ్చులే. వచ్చిన ఇంగ్లీషు మాటకు ఉకారం తగిలించి బస్సు, కారు చేసుకోవడం మడకశిర దాటి సిరా వెళ్ళినా అలాగే ఉంటుంది. మడకశిర తాలూకా కర్ణాటకలోకి పొడుచుకుపోయి ఉంటుంది, పావగడ తాలూకాను చుట్టూ ఆంధ్ర పట్టుకుని ఉంటుంది. ఆ రెండు తాలూకాల్లో రెండు భాషలూ ఇంట్లోవే. ఏది ఇంపు అని అక్కడ అడిగితే, ఎవరితో మాట్లాడేటప్పుడు అని ఎదురడుగుతారు. కన్నడాన్ని ఎవరూ ఇటాలియన్ అనలేదు. పురందరదాసు ఉన్నా, దక్షిణాది కచేరీలో సింహభాగం త్యాగయ్యది. పాటగా ఊరు దాటిన భాషకు తియ్యదనం అంటుకుంటుంది.

ఈ వాదం ఒకసారి వీధికెక్కింది కూడా. మద్రాసు సభల్లో అన్నీ తెలుగు కీర్తనలే ఎందుకని తమిళులు అడిగారు, 1943లో తమిళ్ ఇసై సంగం పుట్టింది. తెలుగు గానానికి పుట్టుకతోనే అనువైందని ఒక పక్షం, అది చెవికి పట్టిన అలవాటేనని రెండో పక్షం. తెలుగువాణ్ణి అయినా చెబుతున్నాను, న్యాయం రెండో పక్షానిదే. కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో పాడాడు గనక విద్వాంసుల గొంతులు తెలుగు అచ్చుల చుట్టూ పెరిగాయి. ఆయన ఇంటి భాష తమిళమై ఉంటే ఇవాళ తమిళ హల్లుల అందం మీద మనం వ్యాసాలు చదువుతుండేవాళ్ళం.

పైగా పాటలో సాగే ఆ చివరి అచ్చు మాటలో మిగలదు. కచేరీలో ఒక్క ఆకారం మీద పావుగంట రాగం తీయవచ్చు. అనంతపురం రైతు 'వాన్లు ల్యావు, పంటంతా ఎండిపాయ' అన్నప్పుడు అచ్చులు మధ్యలో నలిగిపోతాయి, హల్లులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కుతాయి. గోదావరి జిల్లాలోనూ అంతే, అక్కడ నలిగే అచ్చులు వేరు. అజంత భాష అన్న కీర్తి రాతది, పాటది. మాట్లాడే తెలుగు ఎక్కడా పూర్తిగా అజంతం కాదు.

మన అలంకారశాస్త్రం దగ్గర ఈ విషయంలో మంచి పనిముట్లున్నాయి, వాటిని ఎందుకో ఇటు తిప్పం. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు మాధుర్యం, ఓజస్సు, ప్రసాదం అని మూడు గుణాలు చెప్పి, ఏ వర్ణాలు దేనికి తోడ్పడతాయో లెక్క కట్టాడు. మాధుర్యానికి ట, ఠ, డ, ఢ పనికిరావు. ట వర్గం, శ ష లు, పొడుగు సమాసాలు, ఒకే హల్లు ద్విత్వమై రావడం ఇవన్నీ ఓజస్సు ఖాతాలో పడతాయి. ఈ తక్కెడలో తెలుగును వేసి చూడండి. ఆట, మాట, పాట, వాడు, వీడు, గూడు, నాడు, అన్నీ ఓజస్సే. అమ్మ, అన్న, అక్క, అప్ప, ద్విత్వాలు గనక అవీ ఓజస్సే. శాస్త్రం ప్రకారం తెలుగు తీపి భాష కానే కాదు, దమ్మున్న భాష. దొరల తూకంలో ఇటాలియన్, మమ్మటుడి తూకంలో దాదాపు యుద్ధవర్ణన. మమ్మటుడి నియమాలు రసాన్ని బట్టి పెట్టినవి, భాషలకు మార్కులు వేయడానికి కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే, మాధుర్యం ఒక్కటే అందమని ఆయన అనలేదని గుర్తు చేయాలి. ఓజస్సు కూడా గుణమే. మనం దాన్ని దోషాల పట్టీలోకి నెట్టి, కరుకు, మోటు, యాస అని పేర్లు పెట్టుకున్నాం.

వేమనకు జరిగింది ఇదే. కదిరి దగ్గర కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. జనం నోట శతాబ్దాలుగా ఉన్నా పండితుల కవుల జాబితాలో ఆయన పేరు చాలాకాలం లేదు. కడపలో పనిచేసిన బ్రౌను ఆ పద్యాలు పోగు చేయించి 1829లో అచ్చు వేశాడు. ఒక దొర మెచ్చుకున్నా మన పండితులు కదలలేదు. కుక్కలు, గాడిదలు, చెప్పులు, రాళ్ళు పద్యంలోకి రావడం వాళ్ళకు చెవిపోటు. పద్యం నిండా క్క, ట్ట, ప్ప లు.

1928లో అనంతపురంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. వేమన అచ్చంగా కవి అని, కవిగానే ఆయనను తూచాలని గట్టిగా నిలబడిన విమర్శ అది. దాన్ని చెప్పిందెవరో చూడాలి. రాళ్ళపల్లి ఈ జిల్లా వాడే. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు, కన్నడంలోనూ రాశారు, ప్రాకృత గాథాసప్తశతిని తెలుగు చేశారు. అంతకు మించి సంగీత విద్వాంసుడు. తిరుపతిలో అన్నమయ్య పాటలకు స్వరాలు కూర్చినవారు, 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది ఆయనకే. శ్రుతి తేడా వస్తే తలెత్తి చూసే చెవి అది. ఆ చెవికి వేమన మోటుగా వినిపించలేదు. సంగీతం రాని పండితులకే వినిపించాడు.

రాళ్ళపల్లి చెవి ఏం విని ఉంటుందో ఆటవెలదిని అడుగులు లెక్కపెట్టి చూస్తే తెలుస్తుంది. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, వాటి వెనక రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. అంటే మూడు మాత్రల పొట్టి అడుగులు వేస్తూ వచ్చి, పాదం చివర రెండు పొడుగు అంగలు వేసి, మళ్ళీ పొట్టి అడుగుల్లోకి దిగడం. వేమన మొదటి రెండు పాదాల్లో తగువు పెడతాడు. మూడో పాదంలో, సరిగ్గా ఆ పొడుగు అంగల మీద, ఊళ్ళోంచి ఒక పోలిక తెచ్చి పడేస్తాడు. నాలుగో పాదం మకుటం, కాబట్టి అక్కడ వాదించడానికి ఎవరికీ సందు ఉండదు. ద్విత్వం వచ్చి మాట కొట్టుకునే చోట తాళం కూడా కొట్టుకుంటుంది. అది పల్లె పంచాయితీలో గట్టిగా మాట్లాడేవాడి లయ. రాయల పద్యానికి శబ్దం మీద అధికారం ఉంది. వేమన పద్యానికి విరామం మీద ఉంది. నన్నడిగితే రెండోది కష్టమైన విద్య.

1928 ఇంకో రకంగానూ ఈ నేలకు పనికొచ్చిన సంవత్సరం. నిజాం 1800లో కంపెనీకి ధారపోసిన జిల్లాలు గనక దత్తమండలాలు అన్న పేరు అప్పటిదాకా నడుస్తూ వచ్చింది. ఆ ఏడు నంద్యాల సభలో దాన్ని తీసేసి రాయలసీమ అన్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం దత్తమండల కళాశాల అధ్యాపకుడు, 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' అచ్చు వేసిన భాషావేత్త, పుట్టుక ఉత్తరాంధ్ర. పేరు మారగానే ఇంపు వచ్చింది. నేల అదే, సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఆగిపోయే వానా అదే.

కరువు నేలలో మాట కరుకని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నేల ఎండితే నాలుక ఎండుతుందన్న ఈ సిద్ధాంతం బళ్ళారి దగ్గరే కూలిపోతుంది. ఒకే పడమటి కనుమల వాననీడ, ఒకే ఎండ. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో ముక్క. బళ్ళారి కన్నడం ఇంకోలా ఉంటుంది, అనంతపురం తెలుగు ఇంకోలా ఉంటుంది. మేఘాలకు యాసతో పనిలేదు.

అయినా వానను, కరువును కవులు ఏ శబ్దంతో పలికించారో చూడటం వేరే సంగతి, అది విమర్శకుడి పనే. ఆముక్తమాల్యదలో వర్షర్తు వర్ణన తెలుగులో ఇప్పటికీ సాటిలేనిది. తడిసిన కట్టెలు అంటుకోక పొగలో కళ్ళు నలుపుకునే ఆడవాళ్ళు, గూళ్ళు కదలని పక్షులు అందులో ఉన్నాయి. ముసురు పట్టిన రోజుల్లో రెడ్ల ఇళ్ళలో వండే ఆకుకూరలను పేరుపేరునా చెబుతాడు: తుమ్మి, చెంచలి, గురుగు. ఇవి మా చేనిగట్ల మీద మొలిచేవే. గురుగాకు పప్పు ఈ జిల్లాలో తెలియని ఇల్లుండదు. ఆ కూరల పేర్ల పక్కనే పొడుగాటి సంస్కృత సమాసం వచ్చి కూర్చుంటుంది. చక్రవర్తి నోట చెంచలి ఎంత సహజంగా దొర్లుతుందో చూస్తే, ఈయన కరుకుదనం పాండిత్యపు పొగరు కాదని, వస్తువును వదిలిపెట్టలేని మోజని అర్థమవుతుంది. ఆ పద్యం చదవడం నోటికి పని. గట్టిగా చదివితే దవడ నొప్పి పుడుతుంది, చదివాక కూర వాసన వస్తుంది.

దీని పక్కన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' పెట్టండి. తరిమెలలో పుట్టి, ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడిగా ఉండి, 'మాణిక్యవీణ' శీర్షికతో తెలుగుదేశమంతా చదివించిన రచయిత. సంస్కృతం బాగా తెలిసినవాడు, కావాలంటే రాయలలా బిగించగలడు. నీళ్ళు లేని పెన్న మీద రాసినప్పుడు ఆ బిగింపును పక్కన పెట్టేశాడు. పాటకు దగ్గరైన మాత్రల నడక ఎంచుకుని, ఈ సీమ నోట ఆడే మాటలనే అందులో పోశాడు. రాయలు వానను సమృద్ధిగా పలికించాడు, విశ్వం కరువును పొదుపుగా పలికించాడు. నాకు విశ్వం దగ్గర ఒక్క పేచీ ఉంది: జాలి ఎక్కువైన చోట్ల పద్యం మెత్తబడి, మళ్ళీ ఆ పాత మాధుర్యంలోకే జారుతుంది. పెన్న ఇసకకు ఉన్న గరుకు ఆ చోట్ల తగ్గుతుంది. కరువు మీద రాస్తూ కూడా తెలుగు కవికి తియ్యగా ఉండాలన్న బెంగ వదల్లేదు.

ఇక మనుషులు నిజంగా మాట్లాడుకునే దగ్గరికి వద్దాం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి అనంతపురంలో దిగగానే చేసే ఫిర్యాదు ఒకటుంది: ఇక్కడివాళ్ళు దురుసుగా మాట్లాడతారు. ఏం దురుసని విడమరిచి అడిగితే శబ్దం గురించి ఏమీ చెప్పలేరు. చివరికి తేలేదేమంటే, అండీ వినిపించలేదు. 'ఎప్పుడొచ్చారండీ' అని అలవాటైన చెవికి 'ఏమప్పా, ఎప్పుడొస్తివి' అన్నది నెట్టినట్టు తగిలింది. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి వినండి. అండీ వాక్యం చివర వస్తుంది, గొంతు అక్కడ సాగి మెల్లగా దిగుతుంది. అప్పా ముందు వస్తుంది, గొంతు ప్ప మీద ఎక్కి ఒక క్షణం ఆగి, తర్వాతే అసలు ప్రశ్న అడుగుతుంది. అండీ మర్యాదతో వాక్యాన్ని మూస్తే, అప్పా చుట్టరికంతో తెరుస్తుంది. ముందు నిన్ను మా వాణ్ణి చేసుకుంటాను, ఆ తర్వాత అడుగుతాను అన్నట్టుంటుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ మర్యాదో తేల్చడం నా వల్ల కాదు. ఏది ఎక్కువ చనువో మాత్రం ఎవరైనా చెప్పగలరు. చనువు కోరని చెవికి అది దురుసు. మా వైపు నుంచీ ఇదే జరుగుతుంది లెండి. ప్రతి వాక్యానికీ అండీ తగిలించేవాణ్ణి చూసి, వీడు అప్పడగడానికి వచ్చినాడేమో అని పల్లెల్లో అనుమానపడతారు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా చూసిన పని అది. ఒక్కో పనిముట్టుకు ఏ ఊళ్ళో ఏమంటారో వరసగా పెట్టి చూపించారు. మడక అనే మాటకు నాగలి పక్కన సమానమైన చోటు దొరికింది. అందులో ఏ మాటా తేట కాదు, ఏ మాటా మోటు కాదు. మార్కులు వేయడం మానేసిన మొదటి పెద్ద తెలుగు పుస్తకం అదేననిపిస్తుంది నాకు.

మార్కులు నిజంగా ఎలా పడతాయో బయటి దేశాల్లో పరీక్షించి చూశారు. 1970లలో గ్రీకు ముక్క రాని ఇంగ్లీషు విద్యార్థులకు ఏథెన్సు గ్రీకు, క్రీటు ద్వీపపు గ్రీకు వినిపించారు. గ్రీకులకు మొదటిది నాగరికం, రెండోది పల్లెటూరిది. ఏమీ తెలియని ఆ చెవులు రెండింటికీ తేడా పట్టలేకపోయాయి. 2023లో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది: 228 భాషల గొంతులు, 820 మంది శ్రోతలు. భాషకూ భాషకూ మధ్య తేలిన తేడా దాదాపు శూన్యం. ఎక్కడో విన్నట్టుందే అనిపించిన భాషకు కాస్త ఎక్కువ మార్కులు పడ్డాయి, మాట్లాడేది ఆడగొంతు అయితే ఇంకాస్త. తెలిసినదే తియ్యన అన్న మాట. ఇంతకంటే ఆ లెక్కల నుంచి పిండాల్సింది లేదు.

భాషకు మార్కులు వేసే ఈ జబ్బు తెలుగుకే పరిమితం కాదని చెప్పడానికి కదిరి, హిందూపురం దాటి పోనక్కర్లేదు. అక్కడి ముస్లిం ఇళ్ళలో మాట్లాడే దక్కనీని వినగానే లక్నో ఉర్దూవాళ్ళకు నవ్వొస్తుంది. ఉర్దూకు అత్యంత తియ్యని భాషగా పేరు, దక్కనీకి హాస్యపు భాషగా పేరు. దక్కనీలో కవిత్వం ఢిల్లీ కంటే ముందే పండిందన్న చరిత్ర ఆ నవ్వును ఆపలేదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో తెలుగు, కన్నడం, దక్కనీ ఒకే బేరంలో దొర్లుతాయి. బేరం కుదిరిందా లేదా అన్నదే అక్కడి అలంకారశాస్త్రం.

మా యాసకు చివరి తీర్పు ఇచ్చింది మాత్రం సినిమా. 'ప్రేమించుకుందాం రా' 1997లో, 'సమరసింహారెడ్డి' 1999లో వచ్చాక సీమ తెలుగు అంటే కత్తి పట్టిన తెలుగు అయిపోయింది. ఆ రెంటిలోనూ ఉన్న జయప్రకాశ్ రెడ్డిని మిగతావాళ్ళ నుంచి వేరు చేయాలి. కర్నూలు జిల్లా మనిషి, నాటకాల నుంచి వచ్చినవాడు. ఆయన నోట మాటలే కాదు, రాగం కూడా సీమదే. బెదిరించేటప్పుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆ తగ్గింపే ఇక్కడి పెద్దమనుషుల పద్ధతి. ఆయన తర్వాత వచ్చిన ప్రతినాయకులు రెండు మాటలు, ఒక మీసం అరువు తెచ్చుకుని, కోస్తా రాగంలో అరిచారు. 2018లో 'అరవింద సమేత'లో కథానాయకుడే ఈ యాస పలికాడు. పెంచల్‌దాస్ రాసిన రెడ్డమ్మ తల్లి పాట ఏడిపించింది. మంచి మార్పే. అయినా అక్కడా సీమ మాట పగ గురించో, పగ మానడం గురించో తప్ప వేరే పనికి నోరు తెరవలేదు. తెలంగాణ యాస హాస్యగాళ్ళ నుంచి, రౌడీల నుంచి తప్పించుకుని ప్రేమకథలోకి నడిచి వచ్చింది. నేను చూసినంతలో అనంతపురం యాసలో ఇంకా ఎవరూ తెర మీద ప్రేమించలేదు, పిల్లాడికి జ్వరమొస్తే కంగారు పడలేదు, పొద్దున్నే కాఫీ అడగలేదు.

కథకులు ఈ పని చేశారు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి కథల్లో ఈ యాసతో మనుషులు అప్పులు చేస్తారు, అలుగుతారు, జేజి దగ్గర గారాలు పోతారు. నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. సినిమాకూ వీళ్ళకూ పోలికే లేదు. కానీ వీళ్ళ పక్కన చిత్తూరు జిల్లా నామినిని పెడితే ఒక తేడా కనిపిస్తుంది. అనంతపురం కథల్లో ఎక్కువగా పాత్ర నోట యాస, కథకుడి నోట పత్రికల తెలుగు. ఈ వ్యాసంలోనూ అంతే, చూస్తూనే ఉన్నారు. నామిని మిట్టూరోడి కథల్లో చెప్పేవాడి తెలుగే యాస, పక్కన పోల్చుకోవడానికి ఇంకో తెలుగు కనిపించదు. నాలుగు పేజీలు తిరిగేసరికి అది యాసన్న సంగతే మరిచిపోతాం. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టినప్పుడు పాఠకుడి చెవి గీత గీస్తుంది, తీసేస్తే గీయదు. మా కథకులకు పాత్రల నోరు మీద ఉన్న నమ్మకం ఇంకా తమ నోరు మీద కుదరలేదని నాకనిపిస్తుంది. గొర్రు కట్టే రోజు నుంచి కాయ ఒలిచే రోజు దాకా, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా 'పోతాండాడు, వస్తాండాడు' అని కథకుడే చెప్పుకుపోయే అనంతపురం నవల ఒకటి చదవాలని ఉంది.